అరువు కళ్లు

గవరపాలెంలో గంగాభవాని గీసిన బొమ్మ లేని వీధి ఉండదని అనకాపల్లిలో చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే గాని అది మరీ అబద్ధమేం కాదు. పోయినవాళ్ల బొమ్మలు గీయడం ఆమె పని. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే, వాళ్ల చిన్న ఫొటో ఒకటి తెచ్చి ఇస్తే, గోడకు తగిలించుకునేంత బొమ్మను పెన్సిలుతో గీసి ఇచ్చేది. ఫొటోను పెద్దది చేయించుకోవడం ఏ స్టూడియోలోనైనా పది నిమిషాల పని. అయినా జనం భవాని దగ్గరికే వచ్చేవారు. ఫొటోలో దొరకని మనిషి ఆవిడ బొమ్మలో దొరుకుతాడని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. భవాని ఫొటో పుచ్చుకుని మనుషుల్ని పంపేసేది కాదు. అన్నగారింటి ముందుగదే ఆమె కొట్టు. అక్కడున్న బల్ల మీద వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా అడిగేది. ఆయన నవ్వితే ముందు ఏ బుగ్గ కదిలేది? కోపం వస్తే కళ్లు పెద్దవయ్యేవా, చిన్నవయ్యేవా? ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడా, కళ్లు మాత్రమే తిప్పేవాడా? ఏడుస్తూ వచ్చినవాళ్లు జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఎక్కడో నవ్వేవారు. ఆ నవ్వు వచ్చాకే ఆమె పెన్సిలు అందుకునేది. ఐదు రోజులు, ఒక్కోసారి వారం. కళ్లు మాత్రం అన్నిటికంటే చివర వేసేది.

నలభై నాలుగేళ్లు నిండేసరికి ఆమెకు మెడనొప్పి పట్టుకుంది. చూపు కూడా మందగించింది. భూతద్దం పెట్టుకుని గీసినా కనురెప్పల దగ్గర గీతలు కలిసిపోయేవి. దానికి తోడు వచ్చేవాళ్లకు ఓపిక తగ్గింది. పెద్దకర్మ నాటికి బొమ్మ చేతిలో ఉండాలనేవారు, ఉండదంటే ఫ్లెక్సీ కొట్టుకు వెళ్లిపోయేవారు. ఆ ఏడాది వేసవిలో ఒక నెలంతా కలిపి రెండు బొమ్మలే వచ్చాయి. అప్పుడు ఆమె మేనకోడలు దివ్య, డిగ్రీ చదువుతున్న పిల్ల, పట్టుబట్టి ఆమె చేత ట్యాబ్ కొనిపించింది. దానితోపాటు తెల్లటి పెన్ను ఒకటి వచ్చింది.

మొదటి రోజు భవాని దాని మీద చెవి గీయబోతే వడ వచ్చింది. దివ్య నవ్వు ఆపుకోలేకపోయింది.

"అత్తా, అంత గట్టిగా నొక్కకు. అది పేపరు కాదు, గాజు. పెన్ను దానంతటదే రాస్తాది."

భవాని కూడా నవ్వింది గాని ముఖం వేడెక్కింది. కాగితం మీద పెన్సిలు నడుస్తుంటే గరగరమని వినిపించే చప్పుడును బట్టే ఆమె చెయ్యి నడిచేది. ఎక్కడ ఎంత నల్లగా పడుతోందో చెవికి తెలిసేది. ఈ గాజు మీద చప్పుడు లేదు, పట్టు లేదు. గీత ఎటు పడితే అటు జారిపోయింది. ఇరవై ఐదేళ్లుగా అన్నం పెట్టిన చెయ్యి ఇదేనా అనిపించింది. మర్నాటి నుంచి దివ్య కాలేజీకి వెళ్లేదాకా ట్యాబ్ ముట్టుకునేది కాదు. పిల్ల గుమ్మం దాటాక తలుపు దగ్గరగా వేసుకుని, దొంగతనం చేస్తున్నదానిలా, సున్నాలు చుట్టుకుంటూ కూర్చునేది. నెలన్నర అలాగే గడిచింది.

తర్వాత చెయ్యి కుదిరింది. బొమ్మను వేళ్లతో లాగితే కన్ను అరచేయంత అయ్యేది, భూతద్దం అక్కర్లేకపోయింది. రెండు వేళ్లు తాకిస్తే తప్పు గీత అసలు గీయనట్టే మాయమైపోయేది. ఒకదాని మీద ఒకటి పలచటి పొరలు పరిచినట్టు, జుట్టు ఒక పొర మీద, ముఖం ఒక పొర మీద, కళ్లు ఇంకో పొర మీద వేసుకోవచ్చు. ఒక పొర చెడితే మిగతావి చెడవు. గీసిన బొమ్మను గరుకు కాగితం మీద అచ్చు తీయిస్తే, పెన్సిలు పనికీ దానికీ తేడా చెప్పగలిగేవాళ్లు ఊళ్లో లేరు.

ఆ రోజుల్లోనే తుమ్మపాల నుంచి శ్రీదేవి వచ్చింది. ఆమె భర్త కృష్ణబాబు చెరకు రైతు. తోటలో నీళ్లు కడుతూ కడుతూ గుండె ఆగి పోయాడు. శ్రీదేవి తెచ్చిన ఫొటో పెద్దది, ఎవరి పెళ్లిలోనో తీసింది. ముఖం మీద వెలుతురు చక్కగా పడింది. భవాని ఆ బొమ్మ మీద ప్రాణం పెట్టింది. ఒక్క కళ్లకే రెండు రోజులు పట్టింది. ఎదుటివాళ్లు చెప్పేది వింటూ, వాళ్లు చెప్పడం అయ్యాక ఏదో అడగబోతున్నట్టుండే కళ్లు. బొమ్మ చూసి శ్రీదేవి కొట్టులోనే కూలబడిపోయింది. ట్యాబ్ మీద కూడా తనకు చేతనవుతుందని భవానికి ఆ రోజు ధైర్యం వచ్చింది.

ఇంకో రెండు నెలలకు కశింకోట నుంచి ఒకాయన తన తండ్రి ఫొటో తెచ్చాడు. కళ్లజోడు అద్దాల మీద వెలుతురు కొట్టి కళ్లు కనబడటం లేదు. పెద్దకర్మ ఎల్లుండే. రెండు గంటలు తంటాలుపడ్డాక భవాని కృష్ణబాబు బొమ్మ తెరిచి, కళ్లున్న పొరను తీసి, ఈ ముఖం మీద పెట్టి చూసింది. కొంచెం వెడల్పు తగ్గించింది, రెప్పల కింద రెండు ముడతలు వేసింది. అమరింది. ఈ ఒక్కసారికే అనుకుంది. బొమ్మ తీసుకున్నాయన "కళ్లు మాత్రం అచ్చం మా నాన్నవేనండి" అని చేతులు పట్టుకున్నాడు. ఆ మాటకు సిగ్గుపడాల్సింది పోయి ఆమె ఊపిరి పీల్చుకుంది.

తర్వాత ట్యాబ్‌లో 'కళ్లు' అని ఒక ఫోల్డరు పెట్టుకుంది. ఫొటో బాగులేనప్పుడల్లా, తొందర ఉన్నప్పుడల్లా, చివరికి తొందర లేనప్పుడు కూడా అందులోంచి తీసి పెట్టడం అలవాటైపోయింది. బల్ల మీద కూర్చోబెట్టి అడగడం తగ్గిపోయింది. ఫొటో వాట్సాప్‌లో పంపితే చాలనేది. ఎవరూ కనిపెట్టలేదు. పైగా కళ్లు జీవంతో ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

అలాంటి సమయంలో అమ్ములు వచ్చింది.

ఎస్. రాయవరం అవతల, సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. తెల్లారగట్ల ఆటోలో అనకాపల్లి వచ్చి, చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల వీధులు తిరిగి అమ్ముకునేది. భర్త కొర్లయ్య వేటకు వెళ్తే ఒడ్డు దగ్గరే కెరటానికి బోటు తిరగబడింది. మూడో రోజున శవం దొరికింది. ముఖం చూడవద్దని ఊరివాళ్లు ఆమెను పట్టుకుని ఆపేశారట. ఉన్నది ఒక్కటే ఆధారం, అతని ఆధార్ కార్డు జిరాక్సు. అందులో కళ్లున్నచోట రెండు నల్లటి మచ్చలున్నాయి.

"మాయనకి ఇంకో పొటో లేదమ్మా. తీయించుకోమంటే సిగ్గు ఆడికి," అంది అమ్ములు. జిరాక్సు ఇచ్చి, బల్ల మీద ఒక చివర కూర్చుంది. "నువ్వు అన్నీ అడుగుతావంట కదమ్మా. ఎలగ నవ్వీవోడు, ఎలగ సూసీవోడు అని. అందుకే గంప ఇంటికాడే వదిలేసి వచ్చేను. అడుగు."

భవాని దగ్గర ఆ వారం మూడు బొమ్మలున్నాయి. "అక్కర్లేదులే. ఇది చాలు. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు," అంది.

అమ్ములు చెప్పాలనుకున్నవి చెప్పకుండానే లేచి వెళ్లింది. ఆదివారం వచ్చి బొమ్మ చూసుకుంది. చూపుడువేలితో ఫ్రేము అద్దం మీద కళ్ల చుట్టూ రాసింది. "ఇయ్యే," అంది. "ఇయ్యే మాయన కళ్లు. నాను మర్సిపోతన్నానేమో అని బయమేసింది." కొంగు తీసి బొమ్మకు చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లింది.

అవి కృష్ణబాబు కళ్లు.

నెలన్నర గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం అమ్ములు ఖాళీ గంపతో కొట్టు ముందు ఆగింది. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఒక మాట అడగనా? తుమ్మపాలలో సీదేవమ్మగారని ఉన్నారు. ఆరి ఇంటికాడ సేపలు కోత్తన్నాను. తలుపు తీసుంది. ఎదర గోడ మీద బొమ్మ. తలెత్తేను గదా, మాయన నన్నే సూత్తన్నాడు. కత్తిపీట మీద సెయ్యి తెగిపోయేది. తీరా సూత్తే మొకం ఎవలిదో బాబుది, కళ్లు మాత్రం మాయనయే. ఆ బొమ్మ కూడా నువ్వే గీసేవంట గదా."

భవాని అమ్ములు ముఖంలో కోపం కోసం వెతికింది. కోపం లేదు, అనుమానం కూడా లేదు. ఏదో వింత చూసి వచ్చిన మనిషి ముఖం అది.

"ఆళ్లు సెరుకు రైతులు, మాం సముద్రపోలం. సుట్టరికం కూడా ఉండదు. అలగెలగ కలిసిపోతాయమ్మా కళ్లు?"

నిజం చెప్పడానికి అదే సరైన క్షణం. ఆ సంగతి భవానికి అప్పుడే తెలుసు. తెలిసి కూడా, "కొందరికి కలుస్తాయి అమ్ములూ. నేను ఎన్ని ముఖాలు చూడలేదు! దేవుడి పని అది," అంది. దేవుడి పేరు కూడా వాడుకున్నానని ఆ మాట నోట్లోంచి వస్తుండగానే తెలిసింది.

అమ్ములు తల ఊపింది. "అంతే అయ్యుంటాది," అని గంప ఎత్తుకుంది.

అక్కడితో అయిపోయిందనుకుంది భవాని. పది రోజులైనా కాకముందే శ్రీదేవి వచ్చింది. భర్త బొమ్మకు చిన్న కాపీ ఒకటి కావాలట, కూతురి కోసం. ఏడాదిన్నరగా ఇల్లు కదలని మనిషి, ఆ రోజు తలలో పూలు లేకపోయినా ముఖం తేటగా ఉంది.

"భవానీ, నీ బొమ్మ పుణ్యమా అని నాకో తోడు దొరికిందే," అంది. "అమ్ములని చేపలమ్ముకునే అమ్మాయి. వాళ్లాయనకీ మా ఆయనకీ కళ్లు ఒక్కలాగే ఉంటాయంట. మొదట నేను నమ్మలేదు. వాళ్లింటికి వెళ్లి చూసేను. నిజమే! ఏ జన్మలోనో అన్నదమ్ములై ఉంటారనుకున్నాం. అది నన్ను అక్కా అంటాది. రోజూ చేపలు అమ్మేసి మా గుమ్మంలో కూర్చుంటాది. నేను కాసింత అన్నం పెడతాను. ఇద్దరం వాళ్ల గురించి చెప్పుకుంటాం. ఇంకెవరితో చెప్పుకుంటాం చెప్పు? వినేవాళ్లకి విసుగు."

భవాని ట్యాబ్ మీదకు వంగి, ఏదో వెతుకుతున్నట్టు నటించింది. మొదట అబద్ధపు కళ్లు పెట్టింది. దాన్ని దాచడానికి అబద్ధపు మాట చెప్పింది. ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లు దాని మీద ఇల్లు కట్టుకుంటున్నారు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ట్యాబ్ నిండిపోయి నెమ్మదించిందంటే దివ్య ఫైళ్లు సర్దడానికి కూర్చుంది. భవాని వంటింట్లోంచి వచ్చేసరికి ఆ పిల్ల 'కళ్లు' ఫోల్డరు తెరిచి ఉంది. వరసగా బొమ్మలు తెరుస్తోంది, మూస్తోంది. కృష్ణబాబు కళ్లే ఇంకో ఎనిమిది ముఖాల మీద. అలికిడికి దివ్య చప్పున అన్నీ మూసేసింది.

"అత్తా, అది... రిఫరెన్స్ అంటారులే. అందరూ చేస్తారు. పెద్ద పెద్ద ఆర్టిస్టులు కూడా," అంది, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఆ పిల్ల తిట్టినా భవాని అంత బాధపడేది కాదు. చిన్నప్పుడు తను చెయ్యి పట్టుకుని మొదటి గీత గీయించిన పిల్ల ఇప్పుడు తన తప్పు మీద గుడ్డ కప్పుతోంది. భవాని ఆ పూట అన్నం తినలేకపోయింది.

రెండు రోజుల తర్వాత, పొద్దున్న తొమ్మిదింటికి ఆమె తుమ్మపాల వెళ్లింది. శ్రీదేవి ఇంటి అరుగు మీద అమ్ములు కత్తిపీట ముందు కూర్చుని నెత్తళ్లు బాగు చేస్తోంది. శ్రీదేవి పక్కన పీట వేసుకుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆమెను చూసి ఇద్దరూ సంబరపడ్డారు. శ్రీదేవి కుర్చీ తేబోయింది.

"వద్దు. నిలబడే చెప్తాను," అంది భవాని. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "అమ్ములూ, నీ ఇంట్లో ఉన్న బొమ్మలో కళ్లు మీ ఆయనవి కావు. కృష్ణబాబుగారివి. నాకు తొందరై, ఆయన బొమ్మలోంచి తీసి మీ ఆయన ముఖం మీద పెట్టేసేను. నువ్వు వచ్చి అడిగితే అబద్ధం చెప్పేను. దేవుడి పని కాదు. నా పని."

శ్రీదేవి చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. అమ్ములుకు మొదట అర్థం కాలేదు. "తీసి పెట్టడం ఏటి? కళ్లు తీసి పెట్టడమేటమ్మా?" అంది. భవాని సంచిలోంచి ట్యాబ్ తీసి చూపించింది. కృష్ణబాబు ముఖం. వేలు తాకించింది, కళ్లు మాయమయ్యాయి. కొర్లయ్య ముఖం. కళ్లు లేవు. మళ్లీ వేలు తాకించింది, కళ్లు వచ్చాయి. ఎంత సులువుగా చేసిందో వాళ్లు కళ్లారా చూస్తున్నారు.

అమ్ములు చేపల చెయ్యి చీరకు తుడుచుకుంది.

"మరి మాయన కళ్లు ఏవి?" అంది.

భవాని ట్యాబ్ ఆపేసి సంచిలో పెట్టింది.

"నన్ను మొకం సూడనివ్వలేదమ్మా. నువ్విచ్చిన బొమ్మ సూసి, ఓహో ఇలగే ఉండేవి అనుకున్నాను. రోజూ సూసేను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఈ బాబుగారి కళ్లే వత్తన్నాయి. ఆడియి రాటంలేదు." ఆమె గొంతు పెరగలేదు. అదే భవానికి భరించరానిదైంది. "నాను అడుగు అన్నాను గదమ్మా నిన్ను. గంప వదిలేసి వచ్చేను. అడగక్కర్లేదన్నావు. ఆయేళ నాకు ఆడి కళ్లు గుర్తున్నాయి. అడిగితే సెప్పీదాన్ని. ఇప్పుడు లేవు."

సగం బాగు చేసిన చేపల్ని అక్కడే వదిలేసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. శ్రీదేవి ఆమె వెనకాల వీధి చివరిదాకా వెళ్లి, ఒక్కతే తిరిగి వచ్చింది.

"ఆ రోజు అది వచ్చి అడిగినప్పుడే చెప్పుంటే ఏం పోయింది?" అంది భవానితో. "తిట్టేది. తిట్టి వెళ్లేది. ఇప్పుడు నా గుమ్మం కూడా ఎక్కదు."

"నన్ను క్షమించమని అడగను," అంది భవాని.

"అడగకు," అంది శ్రీదేవి. కత్తిపీట దగ్గర కూర్చుని, మిగిలిన నెత్తళ్లు తనే బాగు చేయడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజున అమ్ములు కొట్టుకు వచ్చింది. గుడ్డలో చుట్టిన బొమ్మను బల్ల మీద బోర్లా పెట్టింది. తను పక్కన కూర్చుంది. "గీయి," అంది.

భవాని బీరువాలోంచి డ్రాయింగు షీటు తీసింది. రెండేళ్లుగా ముట్టని పెన్సిళ్లు చెక్కుకుంది. ఈ బొమ్మ కాగితం మీదే, పాత పద్ధతిలోనే గీయాలని ఆ తొమ్మిది రోజులూ అనుకుంటూ ఉంది. గీయడం మొదలుపెట్టి, అమ్ములును అడగడం మొదలుపెట్టింది. అమ్ములు చెప్పలేకపోయింది. "అలగ కాదు," అనేది. ఎలాగో చెప్పలేకపోయేది. భవాని చెరిపి మళ్లీ వేసేది. మందగించిన చూపుకు రెప్పలు అందడం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి కళ్లున్నచోట కాగితం నూగు లేచి, పలచబడి, చిల్లు పడింది.

"ఎందుకమ్మా కాయితం మీద పడి ఏడుత్తావు?" అంది అమ్ములు విసుగ్గా. "ఆ పలక మీద గీయి. అదైతే సిరగదు గదా."

భవాని చెంపలు మండిపోయాయి. కాగితం అమ్ములు అడగలేదు. అది తన మనసుకు తను వేసుకున్న మందు. ఎదురుగా కూర్చున్న మనిషికి కావలసింది మొగుడి కళ్లు గాని, భవాని పడే కష్టం కాదు.

ట్యాబ్ తీసింది. ఫోల్డరు జోలికి వెళ్లకుండా ఖాళీ పొర తెరిచింది. అమ్ములు రోజూ చేపలు అమ్మేసి పదకొండింటికి వచ్చేది, రెండింటి దాకా కూర్చునేది. "కాదు" అన్నప్పుడల్లా భవాని రెండు వేళ్లు తాకించి చెరిపేది. వందసార్లు చెరిపినా గాజుకు ఏమీ కాలేదు. నాలుగో రోజు కొర్లయ్య గురించి అడగడం ఆపి, "ఒడ్డున నువ్వు ఎక్కడ నిలబడేదానివి?" అని అడిగింది.

అమ్ములు ఆలోచించింది. "వల లాగీకాడ. ఆడు బోటు మీంచి దిగి నీళ్లల్లో నడిసొచ్చీవోడు. ఎదరెండ. నన్ను సూడాలంటే కళ్లు ఇలగ..." అని తన కళ్లు చికిలించి చూపించబోయి ఆగిపోయింది. "ఇంటికాడ కూడా అలగే సూసీవోడు! నీడలో కూడా. నాను తిట్టీదాన్ని. నన్ను సూత్తే ఎండేటి నీకు, అలగ మూసుకుంటావు అని."

"రెండూ ఒకేలా మూసేవాడా?"

"లేదు. ఎడం కన్ను ఎక్కువ."

భవాని గీసింది. సగానికి పైగా మూసుకున్న కళ్లు. ఎడమది సన్నటి గీత. చివర ముడతలు చెంప మీదికి పాకాయి. కళ్లలో చూపించడానికి ఏమీ లేదు, రెండు చిన్న మెరుపులు తప్ప. ఆమె ఎప్పుడూ గీసే అందమైన కళ్లు కావు అవి. ట్యాబ్ అమ్ములు వైపు తిప్పింది.

అమ్ములు చాలాసేపు చూసింది. ఆ తర్వాత, పక్కన భవాని ఉన్న సంగతి మర్చిపోయినట్టు, "ఏటలగ సూత్తావు?" అంది బొమ్మతో. "ఏటలగ సూత్తావు? నాను ఎండేటి?" అంటూ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. కొర్లయ్య పోయినప్పటి నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. భవాని ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వేసే హక్కు తనకు లేదనిపించి వెనక్కి తీసుకుంది.

అచ్చు తీయించి ఫ్రేము కట్టించి ఇస్తే అమ్ములు తీసుకుంది. బాగుందని అనలేదు, పరవాలేదనీ అనలేదు. పాత బొమ్మ మాత్రం అక్కడే వదిలేసింది. తర్వాత ఆమె తుమ్మపాల వీధికి మళ్లీ వెళ్తోందనీ, శ్రీదేవి గుమ్మంలో కూర్చుంటోందనీ దివ్య చెప్పింది. అక్కా అని పిలుస్తోందా అని అడగాలనిపించింది భవానికి. అడగలేదు.

ఇంకా ఏడు ఇళ్లున్నాయి. ఆమె ఒక్కొక్క ఇంటికీ వెళ్లింది. నక్కపల్లిలో ఒకాయన వీధిలో నిలబెట్టి నలుగురూ వినేలా కేకలేశాడు. మళ్లీ గీసిమ్మని ముగ్గురు అడిగారు. వాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి గీసి ఇచ్చింది. ఇద్దరు, పోనీలెండి, ఇప్పుడెందుకు అన్నారు. ఆ తేలికదనం కూడా ఆమెకు గుచ్చుకుంది.

అన్నిటికంటే చివర కశింకోట వెళ్లింది. కళ్లజోడు మీద వెలుతురు కొట్టిన ఫొటో తెచ్చిన దేవీప్రసాద్ ఇల్లది. మొదటిసారి కళ్లు అరువు తెచ్చి పెట్టిన బొమ్మ ఆ ఇంట్లోనే ఉంది కనుక, ఆ గుమ్మం ఎక్కడానికి అందరికంటే ఎక్కువ భయపడింది. దేవీప్రసాద్ ఆమె చెప్పింది గేటు దగ్గరే విన్నాడు. అతని ముఖం ఎర్రబడింది, తర్వాత మామూలైంది.

"నేను ఏమీ అననండి మిమ్మల్ని," అన్నాడు మెల్లగా. "ఒక్కటే. మా అమ్మకి తెలియనివ్వకండి. పొద్దున్న లేస్తే ఆ బొమ్మతోనే మాట్లాడతాది. ఇప్పుడు మార్చితే ఆవిడ తట్టుకోలేదు. మీరు చెప్పి తేలిక పడదామని వచ్చేరు. నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో మాత్రం చెప్పకండి."

అంతలో లోపలినుంచి ఎవరు ప్రసాదూ అని వినబడింది. అతని తల్లి తలుపులమ్మ, చేతికర్ర ఆనించుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. బొమ్మ గీసిన అమ్మాయని కొడుకు చెప్పక తప్పలేదు.

"ఓలమ్మ! నువ్వేనా తల్లీ!" అంటూ ఆమె భవాని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. బొమ్మకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. కోడల్ని కేకేసి టీ పెట్టమంది. భవాని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది.

"ఈ సెయ్యే గదా గీసింది. సల్లగా ఉండాల. ఆయన బతికున్నప్పుడు కూడా నా మాట ఇంత సెవిబెట్టి ఇన్లేదమ్మా. ఆ కళ్లు సూడు. నాను సెప్పిందల్లా ఇంటన్నట్టు లేవూ?"

దేవీప్రసాద్ తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. గోడ మీద నుంచి కృష్ణబాబు కళ్లు, ముడతల మధ్య నుంచి, ఆమె ఏం చెబుతుందో విందామన్నట్టు చూస్తున్నాయి.

"ఉన్నాయమ్మా," అంది భవాని.

టీ వచ్చింది. వేడిగా ఉంది. చల్లారేదాకా ఆగితే అక్కడ ఇంకాసేపు కూర్చోవాలి. నోరు కాలుతున్నా గుక్కలుగా తాగేసింది. ముసలావిడ ఇంకో గ్లాసు పొయ్యమని కోడలికి చెప్పింది. వద్దనడానికి భవానికి నోరు రాలేదు.